దొరికినవి కూడా

షార్జా రోల్లాల, బట్టల దుకాణాల ఎనక సందుల
అబూబకర్ ట్రోఫీల షాపు.
చెక్కుడు మిషిన్ ముందు నేను.

కోరుట్లల ఉన్నప్పుడు స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టేటోణ్ణి:
చి.ల.సౌ. పద్మకు మేనత్త రాజవ్వ బహుమతి,
తేదీ, అక్షరానికి పావలా.
చెంబు వంపు తిరిగిన కాడ ఒత్తు జారకుంట కొట్టుడు,
అదొక్కటే నా చదువు.
ఇక్కడ ఇత్తడి రేకు. సాపు.
పదకొండేండ్ల సంది ఎవరెవరివో గెలుపులు
నా గోర్లల్ల పొడిపొడిగ.

మొన్నొచ్చిన కాయితంల పేరు ఎలిహియో మొరీయో.
బేస్‌బాల్ అట. ఎడారిల కొత్తగ లీగు పెట్టినోళ్లు
ఆట మానేసే దినం ఇచ్చే షీల్డు.
పంతొమ్మిది సీజన్లు, నాలుగు దేశాలు,
మూడుసార్లు బంగారు గ్లోవు,
ఒక ఏడు అందరికంటె ఎక్కువ పరుగులు.
చెక్కుకుంట పోయిన.
ఐదో వరుసల చెయ్యి ఆగింది:
దొంగిలించినవి 611.

అబూక్కా, తప్పు పడ్డదేమో చూడు, అన్న.
ఈ దేశంల ఆ మాట ఇత్తడి మీద కొట్టి
ఎవని చేతుల పెడ్తం?
ఆయన నవ్వి ఫోన్ల వీడియో పెట్టిండు.

బంతి ఇసిరేటోడు చూపు తిప్పిన రెప్పపాటుల
వీడు లేడు.
ఉన్న జాగల దుమ్ము ఉన్నది.
పొట్ట మీద జారి, వేళ్లు ముందువడి
తెల్ల సంచి అంచు అందుకున్నడు.
నల్లంగీ పెద్దమనిషి వంగి
రెండు చేతులు బారజాపి గాలిని సాపు చేసిండు.
అట్లంటే, బతికిండు అని.

గంగమల్లు యాదికొచ్చిండు.
సజా క్యాంపుల నా పై మంచం.
ఎనిమిది నెలల జీతం రాక
ఒక శుక్రవారం తెల్లారుజామున
వాచ్‌మన్ చాయకు లేచిన రెప్పపాటుల
కంచె కింద పొట్ట మీద జారిండు.
పాస్‌పోర్టు కంపెనీ బీరువల, వీడు రోడ్డు మీద.
ఖల్లివెల్లి అయిండు, అన్నరు.
అజ్మాన్ల సెంట్రింగు,
ఉమ్మల్ కువైన్ల చేపల వల,
ఫుజైరా గుట్టల కింద ఖర్జూర తోట.
ఏడ నిలవడ్డా ఒక కాలు గీత బయటే.
నాలుగో జాగకు ఉరికేటప్పుడు దొరికిండు.
ఔట్ పాస్ చేతుల పెట్టి ఇమానం ఎక్కిచ్చిండ్రు.
లెక్క రాసినోడు లేడు.

నిన్న సందేళ మొరీయో ఆయనే వచ్చిండు.
ఎడమ తొడ పట్టేసిన నడక.
పేరుల ఒక్కొక్క అక్షరం ఏలుతో తడిమి
సరే అన్నడు. మళ్ల, సగం ఇంగ్లీషు సగం సైగలు,
కింద ఇంకో వరుస పడ్తదా?
దొరికినవి 204.

షీల్డు మీద ఓడింది చెక్కమన్నోణ్ణి
ఇన్నేండ్లల్ల చూడలే.
ఎందుకు సార్, అన్న.
అవి లేకుంటే ఆరువందలు ఎవరు నమ్ముతరు అన్నడో,
అవే నాకు బాగ యాదికున్నయి అన్నడో,
నాకొచ్చిన ఇంగ్లీషుల రెండూ ఒక్కతీరే ఇనవడ్డయి.

జాగ ఇరుకు. చెంబు వంపు మీద పట్టినట్టు
ఊపిరి బిగవట్టి కొట్టిన.
రెండు, సున్నా, నాలుగు.
సున్నా జర లోతు పడ్డది.
పైసలు వద్దందామనుకున్న. అబూక్క తీసుకున్నడు,
పదిహేను దిర్హమ్‌లు.

షీల్డు సంకల పెట్టుకొని ఆయన రోడ్డు కాడ నిలవడ్డడు.
సిగ్నల్ల పచ్చమనిషి మిణుకుతున్నడు.
నాలుగు సెకండ్లు. ఆరు లేన్లు.
నలభై దాటిన పెయ్యి, పట్టేసిన తొడ,
ఆగుతడనుకున్న.
భుజం కొంచెం వంగింది.

లారీ హారన్.
నడుమ బస్సు అడ్డమొచ్చి ఏం కనవడలే.
బస్సు పోయినంక
అవతలి ఫుట్‌పాత్ మీద, కూరగాయల సంచుల జనం నడుమ
ఆయన మోకాలి దుమ్ము దులుపుకుంటున్నడు.

నేను లేచి నిలవడి ఉన్న.
ఇత్తడి పొడి అంటిన రెండు చేతులు
బారజాపి, అరచేతులు నేల దిక్కు.

ఏందిరా, ఏమైంది, అన్నడు అబూక్క.